సాఫ్ట్‌వేరు నిర్మాణములో కార్యనిర్వహణము

వాడుకరికి కావలసినదేమో కనుగొనుట మొదలుకొని, దానిని కంప్యూటరు భాషలో వ్రాసి, పరీక్షించి, సర్వరులపై నెలకొల్పి, అతని చేతికందించి, అందిన పిమ్మట బయటపడు లోపములను సవరించుట వరకు గల సమస్త వ్యాపారమును ఒక క్రమములో నడపు విద్యకు సాఫ్ట్‌వేరు కార్యనిర్వహణమని పేరు. ఇంజనీరింగు శాఖలలో ఇది వయసున చిన్నది. వాదోపవాదములలో మాత్రము పెద్దది. గత అర్ధశతాబ్ది కాలమున ఈ విద్యలో పుట్టిన సిద్ధాంతములు, పద్ధతులు, వానికి పెట్టిన పేర్లు ఎన్నియో కలవు; అయినను వాని నన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించినచో, ఫలించిన ప్రతి పద్ధతిలోను రెండు లక్షణములు కానవచ్చును: ఒకేసారి చేపట్టిన పనులను తగ్గించుట, చేపట్టినదానిని చిన్న తునకగా ముగించి వెంటనే వాడుకరి చేత పెట్టుట. రాయలసీమ దక్షిణపు కొసను గల హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములకు ఈ విద్యతో గల సంబంధము పైకి కనబడునది కాదు గాని, దాని పూర్వచరిత్రలోని ముఖ్యఘట్టములు కొన్ని ఈ పట్టణముల వృత్తులయందే ప్రత్యక్షముగా చూడనగును.

ప్రాంతము

2022 ఏప్రిల్ 4వ తేదీన పూర్వపు అనంతపురము జిల్లా నుండి విడివడి, పుట్టపర్తి కేంద్రముగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ మూడు పట్టణములును కలవు. ధర్మవరము నుండి బెంగుళూరు పోవు రైలుమార్గముపై మూడును వరుసగా తగులును. ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధము. పెనుకొండ 1565 నాటి తల్లికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియై, నేడు తన మండలములోని ఎర్రమంచి గ్రామమున వెలసిన కియా కార్ల కర్మాగారము వలన దేశదేశముల తెలియబడినది. హిందూపురము వర్తకస్థానము, అక్కడి పట్టుగూళ్ళ మార్కెట్టు రాష్ట్రములోనే పెద్దది. పేరుగన్న సాఫ్ట్‌వేరు సంస్థ మూడింటిలో ఏ యొక్కదానియందును లేదు. ఇచ్చటి యువకులు ఇంజనీరింగు ముగించి, హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమునగల బెంగుళూరునకో, లేక హైదరాబాదునకో పోయి ఆ ఉద్యోగములలో చేరుచున్నారు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు వారిలో అనేకులు లాప్‌టాపులతో స్వగ్రామములకు మరలి, ఇంటి వసారాలనుండియే విదేశపు కంపెనీల పనులు చక్కబెట్టిరి.

అట్టల నుండి ప్రోగ్రాముల వరకు

ధర్మవరపు గుంటమగ్గముల పైభాగమున బిగించిన జాకార్డు పెట్టెకు అట్టల దండ యొకటి వ్రేలాడుచుండును. చీర అంచునను కొంగునను రావలసిన బొమ్మను మొదట గ్రాఫు కాగితముపై గడులుగా గీసి, ఆ గడుల ననుసరించి అట్టలకు రంధ్రములు పొడిచి, ఆ అట్టలను దారముతో వరుసగా కుట్టుదురు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతమున రూపొందించిన ఈ యంత్రమే, 1830లలో ఇంగ్లండున చార్లెస్ బాబేజి తలపెట్టిన గణనయంత్రమునకు ఆజ్ఞలనిచ్చు పద్ధతిని సూచించినది. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రముల అట్టలతోనే కూర్చెను. 1970ల వరకును ప్రోగ్రాములు వ్రాయువారు తమ ప్రోగ్రామును అట్టలకట్టగా ఆపరేటరుకిచ్చి, ఫలితమునకై గంటలకొలది, కొన్నిచోట్ల మరునాటి వరకును వేచియుండిరి.

ఈ వేచియుండుటయే కార్యనిర్వహణపు తొలి సిద్ధాంతములకు తల్లి. యంత్రకాలము బంగారమువలె ప్రియమై, మనుష్యకాలము చౌకయై యున్నప్పుడు, సమస్తమును ముందే ఆలోచించి, కాగితముపై పూర్తిగా వ్రాసికొని, తప్పులు లేవని నిశ్చయపరచుకొనిన పిదప మాత్రమే యంత్రమును తాకుట వివేకవంతమైన పని. కాలక్రమమున యంత్రకాలము చౌకయయ్యెను. పరీక్ష క్షణములలో ముగియజొచ్చెను. కాని ముందే సర్వమును నిర్ణయింపవలెనను అలవాటు మాత్రము కారణము పోయిన పిదపకూడ కార్యాలయములలో నిలిచిపోయినది. ఈ విద్య చరిత్రలో అధికభాగము ఆ అలవాటును వదలించుకొనుటకై జరిగిన పెనుగులాటయే.

సంక్షోభము, క్రమపద్ధతులు

1968లో జర్మనీ దేశపు గార్మిష్ నగరమున నాటో ఆధ్వర్యమున సమావేశమైన పండితులు సాఫ్ట్‌వేరు పనులు గడువు దాటుచున్నవనియు, అంచనాలకు మించిన వ్యయము తెచ్చుచున్నవనియు, తుదకు చేతికందినదియు నమ్మదగినదిగా లేదనియు విచారించి, ఈ దురవస్థకు సంక్షోభమని పేరు పెట్టిరి. రెండేండ్లకు, 1970లో, విన్‌స్టన్ రాయిస్ వ్రాసిన పత్రములో అవసరముల సేకరణము, రూపకల్పనము, ప్రోగ్రాము రచన, పరీక్ష అనునవి మెట్లుగా ఒకదాని క్రింద నొకటి దిగు చిత్రమొకటి కలదు. తరువాతివారు దీనిని జలపాత పద్ధతియని కొనియాడి శిరసావహించిరి. చిత్రమేమన, ఆ పత్రములోనే రాయిస్ ఇట్టి తిన్నని వరుస ప్రమాదకరమనియు, వైఫల్యమును ఆహ్వానించుననియు హెచ్చరించియుండెను. చిత్రమును చూచినవారు వాక్యములను చదువకుండుట విద్వల్లోకమున సైతము అరుదు కాదు.

ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్/360 యంత్రములకు ఆపరేటింగు సిస్టము నిర్మించిన పనిని నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, ఆ అనుభవమును 1975లో గ్రంథస్థము చేసెను. ఆలస్యమైన పనికి అదనముగా మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునను అతని సూత్రము నేటికిని చెక్కుచెదరలేదు. కారణము గణితములోనే కలదు: ఐదుగురు గల బృందములో ఇద్దరిద్దరు మాటలాడుకొనవలసిన మార్గములు 10, పదిమందిలో 45, ఏబదిమందిలో 1,225. క్రొత్తగా చేరినవానికి పని నేర్పవలసినవాడు పాతవాడే గనుక, సహాయమునకు వచ్చినవాడు మొదటి మాసములలో భారమే యగును. డెడ్‌లైను దగ్గరపడినకొలది పని లేక బెంచి మీద నున్న కుఱ్ఱవాండ్రను తెచ్చి టీములో పడవేయు బెంగుళూరు మేనేజరులకు ఈ సూత్రము తెలియకపోదు. పైవారికి ఏదో చేసినట్లు కనబడవలెనను ఆత్రుతలో దానిని మరతురు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణమండపమును గూర్చి, అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ ప్రభువు అనుమతి లేక బొక్కసము వెచ్చించెనను జనశ్రుతి చెప్పుకొనుచు నవ్వు మన ఇంజనీర్లు, తమ ప్రాజెక్టుల బడ్జెట్టు లెక్కలను ఒకమారు చూచుకొనుట మంచిది.

సంక్షోభమునకు ఒక సమాధానము క్రమశిక్షణ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు సంస్థలో వాట్స్ హంఫ్రీ ప్రభృతులు రూపొందించిన పరిపక్వతా ప్రమాణము సంస్థలను 5 మెట్లుగా విభజించెను. భారతదేశపు సంస్థలు ఈ మెట్లను పరీక్షలలో మార్కులవలె భావించి అత్యుత్సాహముతో ఎక్కినవి. బెంగుళూరులోని మోటరోలా శాఖ 1990ల తొలిభాగముననే ఐదవ మెట్టునందుకొని లోకమునకు ఆశ్చర్యము కలిగించెను. దాని వలన మేలు జరుగలేదనజాలము: దూరదేశపు ఖాతాదారునకు ముఖపరిచయము లేని టీముపై నమ్మకము కుదిరినది ఈ ధ్రువపత్రముల మూలముననే. ఐతే పద్ధతి తప్పక పాటించుట వేరు, పని వేగముగా ముగియుట వేరు అను సత్యము కొలది కాలములోనే, అదియు హైదరాబాదుననే, వెల్లడియైనది.

కార్ల కర్మాగారము నుండి వచ్చిన విద్య

ద్వితీయ ప్రపంచయుద్ధానంతరము జపానులో టొయోటా కర్మాగారమున తైఇచి ఓనో అను ఇంజనీరు, విడిభాగములను గుట్టలుగా చేసి నిలువయుంచుటకు బదులు, ముందరి చోటివాడు అడిగినప్పుడు మాత్రమే వెనుకటి చోటివాడు తయారుచేయవలెనని నియమించి, ఆ అడుగుటకు గుర్తుగా కాన్‌బాన్ అను చీటీని పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను. చీటీ రానిదే పని మొదలుపెట్టరాదు. లోపము కనబడినచో ఎంత చిన్న కార్మికుడైనను తాడు లాగి పనిని నిలుపవచ్చును. నిలువలు తగ్గగా, వాని క్రింద దాగియున్న లోపములన్నియు బయటపడినవి. ఈ విద్య క్రమముగా ప్రపంచపు కార్ల పరిశ్రమ అంతటను వ్యాపించినది.

పెనుకొండ ప్రజలు దీనిని తమ వాకిటనే చూడగలుగుచున్నారు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వముతో కియా సంస్థ ఒప్పందము చేసికొని, ఎర్రమంచిలో 536 ఎకరములలో 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో నిర్మాణము సాగించి, 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తిని, ఆగస్టులో సెల్టోస్ కారు విక్రయములను ప్రారంభించినది. సంవత్సరమునకు 3 లక్షల కార్ల సామర్థ్యముతో నిర్మింపబడిన ఈ కర్మాగారము చుట్టును విడిభాగములు చేయు అనుబంధ పరిశ్రమలు వెలసినవి. ఇట్టి కర్మాగారములలో సీట్లు, డాష్‌బోర్డులు మొదలగు పెద్ద భాగములు కదలు వరుసపై ఏ కారు తరువాత ఏ కారు వచ్చునో ఆ క్రమముననే వచ్చి చేరవలెను. ముందుగా వచ్చినచో ఉంచుటకు తావులేదు, ఆలస్యమైనచో వరుస నిలిచిపోవును.

ఇందొక సూక్ష్మము గమనింపదగినది. కర్మాగారమును కట్టుట వేరు, కర్మాగారమును నడపుట వేరు. ఎర్రమంచిలో నేల చదునుచేయుట, గొల్లపల్లి జలాశయము నుండి నీరు తెచ్చుట, షెడ్లు లేపుట అనునవి మెట్లుగా సాగవలసిన పనులు; ఏమి కట్టవలెనో ముందే తెలియును గనుక రాయిస్ చిత్రములోని వరుస అచట సరిగానే పనిచేయును. సాఫ్ట్‌వేరులోనో, వాడుకరి ఒక తెరను చూచిన పిదప గాని తనకు కావలసినది అది కాదని తెలిసికొనజాలడు. జలపాత పద్ధతిని అన్నిట తప్పని నిందించు నేటి ఉపన్యాసకులు ఈ భేదమును విస్మరించుచున్నారు. కారు బ్రేకులను నడపు ప్రోగ్రాము, వైద్యయంత్రపు ప్రోగ్రాము మున్నగు ప్రాణాపాయ సంబంధములైన వానియందు ముందస్తు రూపకల్పనము, లిఖితపూర్వకమైన పరీక్షలు నేటికిని తప్పనిసరి.

కార్లశాలల విద్య సాఫ్ట్‌వేరునకు వచ్చిన మార్గము లొకటి కంటె నెక్కువ. 1986లో తాకెఉచి, నొనాకా అను జపాను ఆచార్యులు హోండా, కేనన్ మొదలగు సంస్థలలో క్రొత్త వస్తువుల రూపకల్పనను పరిశీలించి వ్రాసిన వ్యాసమునుండి పేరును గ్రహించి, జెఫ్ సదర్లాండు 1993లోను, అతనితో కూడి కెన్ ష్వేబర్ 1995లోను స్క్రమ్ పద్ధతిని రూపొందించిరి: చిన్న బృందము, స్ప్రింటు అను కొలది వారముల గడువు, దినదినమును నిలుచుండి జరుపు కొద్దిపాటి సమావేశము, స్ప్రింటు తుదను వాడుకరికి చూపదగిన వస్తువు. క్రైస్లరు కార్ల సంస్థలో జీతముల లెక్కల ప్రోగ్రామును చేపట్టిన కెంట్ బెక్, ఇద్దరు కలిసి యొకే తెరముందు వ్రాయుట, పరీక్షను ముందు వ్రాసి ప్రోగ్రామును తరువాత వ్రాయుట మొదలగు ఆచారములను కూర్చి 1999లో ప్రకటించెను. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రపు స్నోబర్డు అను మంచుకొండల విడిదిలో 17 మంది కూడి, ఈ పద్ధతులన్నిటికిని ఎజైల్ అను ఉమ్మడి పేరు పెట్టి ఒక ప్రకటన వెలువరించిరి. హిందూపురమున హైడ్రాలిక్ సిలిండర్ల కర్మాగారమును నడపుచుండిన విప్రో, తన బెంగుళూరు సాఫ్ట్‌వేరు విభాగములో 2004 నుండి టొయోటా పద్ధతులను కొలది ప్రాజెక్టులతో మొదలుపెట్టి వందలకొలది ప్రాజెక్టులకు విస్తరింపజేసినది. ఆ ప్రయోగమును పరిశీలించిన హార్వర్డు పండితులు అట్టి ప్రాజెక్టులు అధికసందర్భములలో తక్కినవానికంటె మేలుగా నడచినవని తేల్చిరి.

హైదరాబాదు బృందము

ఈ చరిత్రలో తెలుగుదేశమునకు ప్రత్యక్షసంబంధము గల ఘట్టము 2004–05లో జరిగినది. దీనిని కొంత విపులముగా చెప్పుట ఆవశ్యకము. మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఉద్యోగుల ఉపయోగార్థము నడపుకొను సుమారు 80 ప్రోగ్రాములలో చిన్నచిన్న మార్పులు, మరమ్మతులు చేయు బాధ్యతను హైదరాబాదులోని ఒక బృందమునకు అప్పగించియుండెను. ముగ్గురు ప్రోగ్రాములు వ్రాయువారు, ముగ్గురు పరీక్షించువారు, వారిపై నొక స్థానిక మేనేజరు. వారిని నియమించిన సంస్థ పరిపక్వతా ప్రమాణములో ఐదవ మెట్టున నున్నది. వారి నైపుణ్యమునకుగాని, క్రమశిక్షణకుగాని కొరతలేదు. అయినను అడిగిన మార్పు చేతికందుటకు సగటున 5 మాసములు పట్టుచుండెను. 80కి పైగా కోరికలు వరుసలో పడియుండి, ఆ వరుస నానాటికి పెరుగుచుండెను. అమెరికాలోని ఖాతాదారులు విసిగిపోయి, ఆ శాఖ మొత్తముమీద ఈ టీము అధమమైనదని తీర్మానించిరి.

2004లో ఈ బృందపు బాధ్యతను స్వీకరించిన డ్రాగోష్ దుమిత్రియు, అదే సంస్థలోని డేవిడ్ ఆండర్సన్ సలహాతో, ఎవరిని నిందింపక, ఎవరి పనివిధానమును మార్పక, పని ఎక్కడ నిలిచియున్నదో మాత్రము లెక్కించి చూచెను. బయటపడినది విచిత్రము. క్రొత్త కోరిక వచ్చినప్పుడెల్ల 48 గంటలలో దాని వ్యయమునకు అంచనా వేసి పంపవలెనను నియమముండెను. ఆ అంచనాలకే టీము శక్తిలో మూడవవంతుకు పైగా ఖర్చగుచుండెను. అంచనా వేయబడినవానిలో అనేకము వ్యయాధిక్యము వలననో, అవసరము తీరిపోవుట వలననో, ఎన్నడును చేయబడకయే పోవుచుండెను. అనగా, చేయని పనులకు లెక్కలు కట్టుటలో చేయవలసిన పనులు ఆగిపోవుచుండెను. పైగా, నెలకొకమారు ఖాతాదారుల ప్రతినిధులు కూడి, ఎవరి పని ముందన్న వివాదముతో వరుసను తిరుగవేయుచుండిరి.

చేసిన మార్పులు మూడు నాలుగు మాత్రమే. అంచనాలను నిలిపివేసిరి. ఒక్కొక్కరు ఒకేసారి పట్టదగిన పనికి పరిమితి పెట్టి, ఒకటి ముగిసిన పిదపనే రెండవది లాగుకొనవలెననిరి. వరుసలోని ఖాళీలను వారమున కొకమారు నింపుడనియు, చేపట్టినదానిని 25 దినములలో అందింతుమనియు ఖాతాదారులకు మాట ఇచ్చిరి. పరీక్షించువారికి తీరిక చిక్కుచుండుటయు, వ్రాయువారివద్ద పని నిలిచిపోవుటయు గమనించి, ముగ్గురు ముగ్గురుగా నున్న బృందమును నలుగురు వ్రాయువారు, ఇద్దరు పరీక్షించువారుగా మార్చిరి; ఇరుకైన చోటును కనుగొని దానిని విశాలము చేయుట అనునది ఇజ్రాయేలు పండితుడు ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో కల్పితకథారూపమున బోధించిన సూత్రమే. ఫలితముగా సగటు వ్యవధి 5 మాసములనుండి సుమారు 14 దినములకు తగ్గెను. 2005 నవంబరు నాటికి పాత వరుస పూర్తిగా కరగిపోయెను. అధమమని పేరుపడిన బృందమే ఉత్తమమయ్యెను. ఈ అనుభవమును ఆండర్సన్ 2010లో తన కాన్‌బాన్ గ్రంథములో వివరింపగా, అది ప్రపంచమంతటను సాఫ్ట్‌వేరు టీముల గోడలపై చీటీలు అంటింపజేసినది. ఆ గోడల మూలము అమీరుపేట కంప్యూటరు శిక్షణాలయములున్న హైదరాబాదు నగరములోనే యున్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలియునో!

ఆచరణము

హైదరాబాదు ఫలితమునకు గణితాధారము కలదు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రము ప్రకారము, ఏ వరుసలోనైనను ఒక పనికి పట్టు సగటు కాలము, చేతిలోనున్న మొత్తము పనులను ఒక కాలప్రమాణమున ముగియు పనులచే భాగించినచో వచ్చును. వారమునకు 5 పనులు ముగించు టీము 40 పనులను చేపట్టియున్నచో ఒక్కొక్క పనికి 8 వారములు పట్టును. అదే టీము 10 మాత్రమే పట్టుకొన్నచో 2 వారములు. ఎవరును అధికముగా శ్రమింపనక్కరలేదు. ఈ లెక్క ఇంత తేలికయైనను మేనేజరుల మనస్సునకు ఎక్కకపోవుటకు కారణము, తీరికగా కనబడు మనుష్యుడు వారికి నష్టముగా తోచుటయు, నిలిచియున్న పని కంటికి కనబడకపోవుటయు. కర్మాగారములో నిలువయున్న భాగములు నేలపై గుట్టలుగా కనబడును. సాఫ్ట్‌వేరులో అవి ఫైళ్ళలోను టికెట్ల జాబితాలలోను అదృశ్యముగా నుండును. గోడపై చీటీలంటించుటలోని ప్రయోజనమెల్ల ఆ అదృశ్యమును దృశ్యము చేయుటయే.

హిందూపురపు మార్కెట్టుకు రైతు తెచ్చిన పట్టుగూళ్ళు ఎప్పటివప్పుడు వేలములో అమ్ముడుపోవలెను. జాగుచేసినచో లోపలి పురుగు రెక్కల పురుగై గూటిని తొలుచుకొని వచ్చును, దారము తెగిపోవును. వ్రాసి ముగించియు వాడుకకు పెట్టని ప్రోగ్రాము సరిగా అట్టిదే. దాని చుట్టు ఉన్న తక్కిన ప్రోగ్రాములు మారుచుండును, వ్రాసినవాడు ఉద్యోగము మారును, అడిగినవాని అవసరము మారును. కావుననే నేటి ఉత్తమ బృందములు వ్రాసినదానిని దినమున కొకమారైనను ఉమ్మడి మూలములో కలిపి, స్వయముగా నడచు పరీక్షలచే శోధించి, వెనువెంటనే రిలీజు చేయుచున్నవి. 2009లో ఫ్లికర్ సంస్థ ఇంజనీర్లు తాము దినమునకు పదిమార్లకు పైగా క్రొత్త ప్రోగ్రామును నెలకొల్పుచున్నామని ఒక సభలో వివరించినప్పుడు అనేకులు నమ్మలేదు. నేడది విశేషము కాదు. వ్రాయువారును, సర్వరులను కాపాడువారును వేరు వేరు శాఖలుగా ఒకరిపై నొకరు నేరము మోపుకొనుట మాని ఒకే బాధ్యత వహింపవలెనను డెవాప్స్ ఉద్యమము ఆ సంవత్సరముననే బెల్జియము దేశపు ఘెంట్ నగరమున రూపుదాల్చినది. నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్‌లు 2018లో వెలువరించిన గ్రంథము, వేలకొలది ఉద్యోగుల సమాధానముల ఆధారముగా, ఎంత తరచుగా రిలీజు చేయుచున్నారు, మార్పు వ్రాసినప్పటినుండి వాడుకకు ఎంతకాలము, ఎన్ని మార్పులు విఫలమగుచున్నవి, విఫలమైనప్పుడు ఎంతలో కోలుకొనుచున్నారు అను 4 కొలతలను ప్రమాణముగా చూపినది. వేగముగా రిలీజు చేయువారే స్థిరముగాను నడపుచున్నారని అందు తేలుట, జాగ్రత్త పేరిట జాప్యముచేయు కార్యాలయములకు పెద్ద చెంపపెట్టు.

పెద్దపనులలో మొత్తమును ఒకేసారి నిర్మించుటకును, చిన్న తునకలుగా అందించుటకును గల భేదము ఎంత వ్యయకరమో అమెరికా నేరపరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. అనుభవము చూపును. కాగితపు కేసు దస్తరములకు బదులు కంప్యూటరు వ్యవస్థను నిర్మింపబూని, సుమారు 17 కోట్ల డాలర్లు వెచ్చించి, 2005లో ఆ ప్రయత్నమును పారవేసిరి. మరుసటి సంవత్సరము సెంటినెల్ అను పేర మరొక ప్రయత్నము కాంట్రాక్టరునకు అప్పగింపబడి అదియు వెనుకబడగా, 2010లో పనిని తమ చేతికి తీసికొని, చిన్న బృందముతో స్వల్పకాలిక స్ప్రింటులుగా నడపి, 2012లో వాడుకలోనికి తెచ్చిరి.

దురాచారములు

పద్ధతుల పేర్లు వ్యాపించినంతగా వాని ప్రాణము వ్యాపింపలేదు. ఉదయపు స్టాండప్ సమావేశము, ఎవరికి ఎక్కడ పని ఆగిపోయినదో చెప్పుకొని పరస్పరము సహాయపడుటకు ఉద్దేశింపబడినది. అనేక సంస్థలలో అది మేనేజరు ముందు హాజరు పలుకు కార్యక్రమమై, పదిహేను నిమిషములకు బదులు గంట నడచుచున్నది. అమెరికా ఖాతాదారుని అనుకూలము కొరకు దానిని రాత్రి తొమ్మిదింటికి పెట్టుట మరొక క్రౌర్యము. పని పరిమాణమును టీము తనలో తాను తెలిసికొనుటకు వేసికొను పాయింట్లను, రెండు టీములను పోల్చి ఒకదానిని తిట్టుటకు వినియోగింతురు. అంతట పాయింట్లు పెరుగును, పని పెరుగదు. స్ప్రింటు తుదను జరిగినది నిష్కపటముగా చర్చించుకొను సమావేశమును, తీరిక లేదను నెపమున మొట్టమొదట రద్దుచేయుదురు. రెండు దినముల తరగతికి హాజరై ధ్రువపత్రము సంపాదించినవాడు, ఒక్క ప్రోగ్రామైనను రిలీజు చేసి యెరుగకయే, పది టీములకు గురుస్థానము వహించుచున్నాడు. ఇవి పద్ధతి దోషములు కావనియు, పాటించువారి దోషములనియు దాని ప్రచారకులు సమాధానము చెప్పుదురు. ఆ సమాధానమును పూర్తిగా అంగీకరింపజాలము. ఇంత సులభముగా వక్రీకరింపబడు పద్ధతిలో ఎక్కడనో రక్షణ లోపించియున్నదనుటయే న్యాయము. ఐటి సంస్థల ఒప్పందములు మనుష్యులను, గంటలను లెక్కించి డబ్బు చెల్లించునంతకాలము, పని త్వరగా ముగించినవానికి లాభముండదను మూలకారణమును ఈ ఉద్యమము తాకనేలేదు.

ప్రభుత్వ సేవలు

తెలుగునాట ప్రభుత్వ సేవల చరిత్ర ఈ విషయమున ఆశ్చర్యకరముగా మేలైన ఉదాహరణమిచ్చును. 1999 డిసెంబరులో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరముల ప్రజలు విద్యుత్తు, నీటి బిల్లులు మొదలగువానిని ఒకేచోట చెల్లించుటకై ఒక్క కేంద్రముతో ప్రయోగాత్మకముగా ప్రారంభమైన ట్విన్స్ పథకము, అక్కడి లోటుపాట్లు చూచుకొనిన పిదప, 2001 ఆగస్టులో ఈ-సేవగా విస్తరించినది. 2011లో మీసేవ వచ్చినది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాట్సాపు ద్వారా 161 సేవలతో మన మిత్రను ప్రారంభించి, పిమ్మట సేవలను చేర్చుచు వచ్చుచున్నది. ఒక్క కేంద్రముతో మొదలిడి, వాడుకరి కష్టములను చూచి పెంచుట అను ఈ మార్గము 1999లో ఆరంభమైనప్పుడు, దానికి ఎజైల్ అను పేరు ఇంకను పుట్టియే యుండలేదు.

విద్యాలయములు

ఈ ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలు అనంతపురములోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. 1946లో స్థాపితమైన కళాశాల నుండి ఎదిగి 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైన ఈ సంస్థ బి.టెక్. కంప్యూటరు శాఖ పాఠ్యప్రణాళికలో సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు ఒక విషయము. జలపాతము మొదలు ఎజైల్ వరకు అన్ని పేర్లును అందు గలవు. పేర్లు పరీక్షలో వ్రాయుదురు. అభ్యాసమునకు అవకాశమైన తుది సంవత్సరపు ప్రాజెక్టును మాత్రము అనేకులు హైదరాబాదు, బెంగుళూరులలోని అంగళ్ళలో సిద్ధవస్తువుగా కొనితెచ్చి, అట్టలు కట్టించి సమర్పించుచున్నారు. దీనికి అధ్యాపకులును కండ్లు మూసికొనుచున్నారనుట కటువైనను సత్యము.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరముల విద్యార్థులకు ప్రాజెక్టు వెదకుకొన నగరములకు పోనక్కరలేదు. ధర్మవరపు చేనేత సంఘములో ఏ మగ్గమునకు ఎన్ని కిలోల పట్టు పోయినది, ఏ చీర ఏ దశలోనున్నది అను లెక్క చాలచోట్ల నేటికిని పుస్తకములలోనే యున్నది. పట్టుగూళ్ళ రైతునకు ఇల్లు విడుచుటకు ముందే నాటి ధర ఫోనులో తెలియుట కావలెను. నలుగురు విద్యార్థులు కూడి, ఇట్టి అవసరమొకదానిని ఎన్నుకొని, రెండు వారములలో ఒక్క తెరను మాత్రము సిద్ధపరచి, మగ్గమువద్దకో మార్కెట్టుకో పోయి వాడుకరి చేత పెట్టి, అతడు ఎక్కడ తడబడినాడో చూచి, దానిని దిద్దిన పిదపనే రెండవ తెరను మొదలుపెట్టుడు. అధ్యాపకులు అట్టలు కట్టిన గ్రంథమునకు బదులు ఆ వాడుకరినే పిలిపించి మార్కులు వేయుడు.